తెలుగు మీడియం గదికి ఆఖరి సున్నం

చిత్తూరులో మా బడికి వందేళ్లు దాటాయని ఊళ్లో అందరూ గర్వంగా చెప్పుకుంటారు. ఆ గర్వానికి పైసా ఖర్చు లేదు కాబట్టి నేనూ కాదనను. ఇంగ్లీషో అరవమో వస్తేగాని గుమాస్తా ఉద్యోగం కూడా దొరకని రోజుల్లో, బెల్లం మండీల యజమానులు కొందరు కూడి, పల్లెల నుంచి వచ్చే మగపిల్లలకు లెక్కలూ సైన్సూ తెలుగులోనే చెప్పించాలని పెట్టిన బడి. మా నాయన అక్కడే చదివాడు. నేనూ అక్కడే చదివి, అక్కడే సాంఘిక శాస్త్రం పంతులునయ్యాను. అందుకే దాని సంగతి ఎత్తితే నా నోటికి మర్యాద కొంచెం తగ్గుతుంది.

గొప్ప బడేమీ కాదు. పొద్దున ప్రార్థన, సాయంత్రం వరండాలో అందరూ కలిసి ఎక్కాలు. మామిడికాయల కాలం వస్తే ప్రతి చొక్కాకూ సొన మరకలే, ప్రతి జేబులోనూ ఉప్పూకారం పొట్లమే. అయితే పిల్లలు అడిగేవాళ్లు. చంద్రగిరి కోట పాఠం చెబుతుంటే, అంత పెద్ద మహల్లో రాజుగారికి దోమలు కుట్టేవి కావా అని ఒకసారి ఒకడు అడిగాడు. తరగతంతా నవ్వింది. జవాబు కోసం ఇంటికెళ్లి పుస్తకాలన్నీ తిరగేశాను. అంతకంటే మంచి పీరియడు నాకు ఇంకేదీ గుర్తులేదు.

మా బడిలో ఒక ఆచారం ఉండేది. పదో తరగతి పరీక్షలు అయిపోగానే పిల్లలు ఇళ్లకు పోయేవాళ్లు కాదు. తాము కూర్చున్న గదికి తామే సున్నం కొట్టి, తర్వాత వచ్చే పిల్లలకు అప్పగించి పోవాలి. ముందురోజే సున్నం నానబెట్టి, నీలిమందు కలిపి, కుంచెలు పంచుకునేవాళ్లు. మా వంతు వచ్చిన ఏడు మా నాయన పని చూడ్డానికి వచ్చాడు.

"మూలల్లో సున్నమే పడలేదు సూడు. నీ తర్వాత వచ్చేవాడు మనిషి కాదా?" అన్నాడు.

మళ్లీ కొట్టాను.

నేను పంతులునయిన కొన్నేళ్లకు బడి కమిటీవాళ్లు ఇంగ్లీషు సెక్షను పెట్టారు. దానికి టై, బూట్లు, కొత్త బెంచీలు. తెలుగు సెక్షనుకు పాత బెంచీలు, మేము. అయిదారేళ్లలో తెలుగు పిల్లలు సగానికి సగం తగ్గిపోయారు. మండుటెండలో ఇంటింటికీ తిరిగి పిల్లల్ని అడుక్కున్నాం. ఒక ఇంట్లో తల్లి నన్ను నిలదీసింది.

"మీ పిలకాయల్ని యాడ సదివించినారు సార్?"

"నా కూతురు తెలుగులోనే చదివిందమ్మా."

"అందుకేనా ఇంకా ఈ పాత స్కూటర్లోనే తిరగతా ఉండారు?" అని పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. తర్వాత కడుపు మండింది.

తెలుగు సెక్షను ఎత్తేస్తారన్న మాట గట్టిగా వినబడుతున్నప్పుడే పూర్వ విద్యార్థుల సభ పెట్టారు. దానికి పెద్ద దిక్కు నా బెంచీమీద పక్కన కూర్చుని చదివినవాడే. ఇప్పుడు తిరుపతిలో చెవి ముక్కు గొంతు డాక్టరు, సొంత ఆసుపత్రి ఉంది. కమిటీకి అతని మాటంటే వేదం. ఫోన్‌లో నా గోడంతా విన్నాడు.

"నువ్వు దిగులు పడొద్దప్పా. నేనొచ్చి మాట్లాడతా గదా," అన్నాడు.

నేను నమ్మాను. పెద్దవాళ్లు వస్తున్నారు, తెలుగు గది చూసి ముచ్చటపడాలి అని పరీక్షలు రాసేసిన పదో తరగతి పిల్లలతో చెప్పాను. పాపం, సున్నం రెండు పూతలు కొట్టారు. వరండా స్తంభాలకూ కొట్టారు. తలల నిండా తెల్లటి చుక్కలతో ఇళ్లకు పోయారు.

సభలో డాక్టరు గొప్పగా మాట్లాడాడు. అమ్మభాష అన్నాడు, ఈ మట్టి అన్నాడు, కళ్లు తుడుచుకున్నాడు. సభంతా ముక్కులు చీదింది. తర్వాత గదులు చూడ్డానికి బయల్దేరారు. మా గది గుమ్మంలో కమిటీ సెక్రటరీ ఆగిపోయాడు.

"ఈ గది ఇంత బాగుండాదే! ఇంగ్లీషు సెక్షన్ని ఈడికి మార్చేస్తే సరి."

"మార్చండి. ఏసీ నేను పెట్టిస్తా," అన్నాడు నా బెంచీవాడు. తెలుగు పిల్లల మాటేమిటని నేను అడిగితే సెక్రటరీ డాక్టరు వైపు చూశాడు. డాక్టరే జవాబు చెప్పాడు. "వాళ్లను గూడా ఇందులోనే కలిపేయండి. పిలకాయలు గదా, బిరీన పట్టేస్తారు."

అతన్ని పక్కకు లాగి, "మాట్లాడతానంటివే," అన్నాను.

"మాట్లాడినాను గదప్పా," అన్నాడు. అబద్ధం కాదు. అరగంట మాట్లాడాడు.

ఆ గది అంత తెల్లగా లేకపోయుంటే ఇంకో రెండేళ్లు మమ్మల్ని ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదేమో. వేసవి సెలవులయ్యి బడి తెరిచేసరికి గోడలకు ప్లాస్టిక్ పెయింటు, దానిమీద బొమ్మలు. పిల్లలు సున్నం కొట్టే ఆచారం పోయింది, గోడలు పాడవుతాయట. ఎనిమిదీ తొమ్మిదీ తెలుగు పిల్లల్ని ఇంగ్లీషు తరగతుల్లో వెనక బెంచీల్లో కూర్చోబెట్టారు. చంద్రగిరి పాఠం ఈసారి ఇంగ్లీషులో చెప్పాను. దోమల సంగతి అడిగినవాడు తలొంచుకుని రాసుకున్నాడు. ఏమైనా అడగరా అంటే లేచి నిలబడ్డాడు, నోరు మెదపలేదు.

దసరా సెలవుల తర్వాత ఆ పిల్లవాడి నాయన బడికి వచ్చాడు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి.

"బడిలో మావోడు మాట్లాడేదే లేదంట గదా సార్. ఇంట్లో గూడా తగ్గించేసినాడు. గొంతులో ఏమన్నా ఉండాదేమోనని తిరపతికి పిల్సుకోని పోయినాను." ఆసుపత్రి పేరు చెప్పాడు. నా బెంచీవాడిదే.

"ఏమన్నారు?" అని అడిగాను.

"గొంతు సక్కగా ఉండాదంట సార్, మందులు గూడా ఏం లేవన్నాడు. ఆ డాక్టరు సానా మంచోడు. మావోడి పక్కన కూసోని, యా ఊరు, యా బడి అని తెలుగులో అడిగినాడు. ఇన్నాళ్లకు మావోడు నోరు తెరిసినాడు సార్! ఒకటే మాటలు!"