జోడు గుండ్ల మీది నుంచి కనిపించిన పొగ

దయ్యాల మాట ఎత్తితే నాకు నవ్వొస్తుంది. చెట్టు కింద తెల్లచీర కనిపించిందని ఎవరైనా అంటే, దగ్గరికి వెళ్ళి చూశావా, ఎవరో ఆరేసుకున్నదేమో అని అడిగే రకం నేను. కిరాణా దుకాణం నడిపిన ఇంటి కోడలిని. కళ్ళతో చూసి, చేత్తో తడిమి చూడందే చింతపండైనా కొనను.

మావారికి ఊళ్ళు చూసే పిచ్చి. ఆయన పుణ్యమా అని జోగ్ జలపాతం చూశాను, కన్యాకుమారిలో మూడు సముద్రాలు చూశాను, డార్జిలింగ్‌లో చలికి వణుకుతూ మంచుకొండల మీద పొద్దుపొడుపు చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. కానీ మరిచిపోలేని చోటు ఏదని అడిగితే మాత్రం, సురంగల్ పక్కన మా ఊరికి మైలు దూరంలో ఉన్న జోడు గుండ్ల పేరే చెబుతాను.

ఏనుగంత బండ మీద ఇంకో బండ. కింది దానికి ఎక్కడో చారెడు చోట ఆని నిలబడి ఉంటుంది. ఈ క్షణమో మరుక్షణమో దొర్లుతుందనిపిస్తుంది, దొర్లదు. పైకెక్కితే ఒకవైపు గండిపేట చెరువు, ఇంకోవైపు మా ఊరి కప్పులు. ఆ రోజుల్లో పట్నం నుంచి మోటార్లలో వచ్చి మరీ చూసి వెళ్ళేవాళ్ళు.

ఇది పెద్ద యుద్ధం రాకముందు సంగతి. ఎండాకాలం చివర మా చుట్టుపక్కల గత్తర పడింది, అంటే కలరా. మా ఊళ్ళో కూడా కొన్ని ఇళ్ళల్లో ఏడుపులు లేచాయి. అప్పుడు పెద్దలు ఊరు విడవాలన్నారు. మా దగ్గర అది పాత ఆచారం. ఒక రోజు తెల్లవారకముందే మనుషులు, పశువులు, కోళ్ళతో సహా ఊరు ఖాళీ చేసి బయట వండుకు తినాలి. పొద్దుగూకాక తిరిగి రావాలి. ఖాళీ ఊరు చూసి రోగం తన దారిన తాను పోతుందని నమ్మకం.

దానికి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. ముందు రాత్రే ఇంట్లో నిప్పు ఆర్పాలి. పొయ్యి ఎర్రమన్నుతో అలికి ముగ్గు పెట్టాలి. ఇల్లు దాటింది మొదలు పొలిమేర దాటేదాకా ఎవరూ నోరు విప్పకూడదు, పేరు పెట్టి పిలవకూడదు. బయట కూర్చున్నంతసేపూ ఊరివైపు వీపు పెట్టాలి, వెనక్కి చూడకూడదు.

నోరు విప్పకూడదన్న ఆ కట్టు దగ్గరే మేం దెబ్బతిన్నాం. మా సరోజకు అప్పుడు నాలుగేళ్ళు. నా యారాలు లక్ష్మమ్మ, అంటే మా బావగారి భార్య, దాన్ని తన పిల్లలతో కలిపి పడుకోబెట్టుకునేది. ఆ చీకట్లో నేను లేచి చూస్తే పిల్లల పక్కలో సరోజ లేదు. లక్ష్మమ్మ బండిలో వేసుకుందనుకున్నాను. తన దగ్గర లేకపోయేసరికి నేనే తీసుకున్నానని లక్ష్మమ్మ అనుకుంది. పిల్లేమో ఉక్కకు తాళలేక నడిమింట్లో బస్తాల వెనక చల్లటి బండల మీదికి దొర్లి నిద్రపోయింది. అడగడానికి నోరు లేదు, పిలవడానికి పేరు లేదు. మావారు తాళం వేశారు. బండ్లు కదిలాయి.

గుండ్ల దగ్గర పొలిమేర దాటినా ఎవరికీ అనుమానం రాలేదు. లక్ష్మమ్మ పిల్లలను వెంటేసుకుని ఊట దగ్గరికి నీళ్ళకు వెళ్ళింది. నేను ఇటు పొయ్యిల దగ్గర వంకాయలు తరుగుతున్నాను. ఊరి పిల్లలంతా గుంపుగా తిరుగుతుంటే అందులో నాది కూడా ఉందనే అనుకున్నాను.

ఆ రోజే పట్నం నుంచి మోటారులో ఒకాయన గుండ్లు చూడడానికి వచ్చారు. కాశ్మీరం, సీమదేశపు కొండలు అన్నీ తిరిగిన మనిషట. మెడలో దుర్బీను, దూరం దగ్గరగా చూపే అద్దాలు. ఇంత దూరం వచ్చిన మనిషి గదా అని నేను చెంబుతో మజ్జిగ పట్టుకుని బండ ఎక్కాను. ఆయన ఊరివైపు చూస్తున్నారు. నేను వీపు తిప్పుకుని నిలబడ్డాను.

ఆయన దుర్బీను దించకుండానే అడిగారు. "ఆ పెద్ద మిద్దె ఎవరిదమ్మా? గవాచిల నుంచి పొగ లేస్తున్నది. మీరందరు ఇక్కడనే ఉన్నరు గద?"

గవాచి అంటే వంటింటి కప్పులో పొగ పోవడానికి వదిలే సందు. ఊళ్ళో పెద్ద మిద్దె ఒక్కటే, అది మాది. ఆచారం సంగతి గుర్తుంది, అయినా తిరిగి చూశాను. దుర్బీను అక్కర్లేకుండానే కనిపించింది. పచ్చి కట్టెలు అంటుకున్నప్పుడు లేచే తెల్లటి పొగ, తిన్నగా నిలబడి ఉంది. రోజూ నేను ముట్టించే పొయ్యి పొగ నాకు తెలియదా?

నిప్పంటే భయంతో ముందు పిల్ల గుర్తొచ్చింది. అక్కడి నుంచే లక్ష్మమ్మను కేకేసి సరోజ ఏదని అడిగాను. నీ దగ్గర లేదా అంది. నా కాళ్ళ కింద బండ నిజంగానే దొర్లినట్టయింది.

కిందికి ఉరికేసరికి పొలిమేర దగ్గర పటేలు అడ్డం నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు. ఆ వారంలోనే గత్తరతో పోయిన సొంత తమ్ముణ్ణి మట్టిచేసిన మనిషి.

"పొద్దుగూకక ముందు ఎవరు దాటినా రోగం మల్ల ఎనుకకు వస్తదమ్మా. నీ ఒక్క బిడ్డ కోసం ఊరి పిల్లలందరి ఉసురు పోసుకుంటవా?"

జనమంతా నన్నే చూస్తున్నారు. రేపు ఏ ఇంట్లో పిల్ల పోయినా నన్నే అంటారని తెలుసు. అయినా నాకు కాస్త కూడా తడబాటు కలగలేదు.

"అంటే అననియ్యి పటేలా. నా బిడ్డ తాళం వేసిన ఇంట్ల ఉన్నది. నువ్వు జరుగు, లేకుంటే నిన్ను తోసుకుని పోత."

జరిగాడు. పట్నం ఆయన మోటారు తీశారు. తాళంచెవితో మావారు, నేను ఎక్కాం. మంటలుంటే ఆర్పాలి గదా అంటూ పటేలు కూడా ఎక్కాడు. దారంతా పొగ కనిపిస్తూనే ఉంది. ఊరి మొదట్లో ఇళ్ళు అడ్డం వచ్చాక మళ్ళీ చూడలేదు.

తలుపు తీస్తే లోపల కట్టె కాలిన వాసన కూడా లేదు. సరోజ గడప దగ్గర పడి ఉంది. బట్టలు పాడయ్యాయి, కళ్ళు లోతుకు పోయాయి, వేళ్ళు ముడతలు పడ్డాయి. గత్తర. నేను దాన్ని ఎత్తుకుంటుంటే పటేలు వంటింట్లోకి వెళ్ళాడు. నేనూ తొంగి చూశాను. పొయ్యి మీద రాత్రి నేను పెట్టిన ముగ్గు పెట్టినట్టే ఉంది, ఒక్క గీత చెదరలేదు. పటేలు వంగి పొయ్యిలో అరచెయ్యి పెట్టి కాసేపు అట్లాగే ఉంచాడు.

"చల్లగున్నది," అన్నాడు.

మోటారు అటు నుంచి అటే పట్నం దవాఖానకు పోయింది. పిల్లకు నరంలోకి ఉప్పునీళ్ళు ఎక్కించారు. పొద్దుగూకేదాకా ఆగి ఉంటే తీసుకురావలసిన అవసరమే ఉండేది కాదని డాక్టరు మావారితో అన్నాడట. ఆ మాట ఆయన నాకు చాలా ఏళ్ళ తర్వాత చెప్పారు.

మావారు ఊరికి తిరిగొచ్చాక పటేలుతో కలిసి అన్నీ చూశారు. గడ్డివాము, పశువుల కొట్టం, పక్కిళ్ళు, అన్నీ. నిప్పు జాడ ఎక్కడా లేదు. దుమ్ము సుడి అనుకుందామంటే ఆ రోజు ఆకు కూడా కదల్లేదు. భ్రమ అనుకుందామంటే మోటారులో నలుగురం చూశాం, అందులో ఒకరికి మా ఊరి పేరు కూడా తెలియదు. నేను తిరిగొచ్చాక ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆ తర్వాత ఊరు విడిచినప్పుడు పటేలు ఒక కట్టు మార్చాడు. పొలిమేర దగ్గర ప్రతి తల్లీ తన పిల్లలను గట్టిగా పేరు పెట్టి పిలిచి, పలికించుకుని మరీ దాటాలి.

చచ్చిపోయిన మా అత్తగారే పొయ్యి ముట్టించిందని లక్ష్మమ్మ అనేది. నేను ఒప్పుకోలేదు. మా అత్తగారు బతికున్నప్పుడే పొయ్యి జోలికి వెళ్ళేది కాదు.

సరోజ ఇప్పుడు ముగ్గురు పిల్లల తల్లి. ఒకసారి జోడు గుండ్ల మీద కూర్చున్నప్పుడు, ఆ రోజు ఏమైనా గుర్తుందా అని అడిగాను. ఇంట్లో ఎవరైనా కనిపించారా, పొగ చూశావా అని గుచ్చి గుచ్చి అడిగాను. ఎవరూ లేరంది. పొగ లేదంది. దాహమైందని, తలుపు దగ్గర కూర్చుని పిలిచానని మాత్రం చెప్పింది.

ఎవరిని పిలిచావు బిడ్డా అన్నాను.

"నిన్నే అమ్మా," అంది.

ఎంతసేపు పిలిచిందో తెలియదు. మైలు దూరం దాని గొంతు వినపడదు. ఇంతకుమించి నేను చెప్పలేను.