నాలుగో చుట్టు

కొన్నేళ్లుగా ఒక మాటను గొంతు దాటనివ్వకుండా మోస్తున్నాను. చెప్పాల్సిన మనిషి ఇప్పుడు లేడు. అందుకే మీకు చెబుతున్నాను.

తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా ఉన్న రోజులు. మాది కోస్తా. మా ఆయన ఉద్యోగం కోసం దిల్‌సుఖ్‌నగర్ వచ్చి, ఒక ఇంటి కింది పోర్షన్‌లో అద్దెకు దిగాం. పైన ఇంటి యజమాని నర్సయ్యగారు, ఒంటరి మనిషి. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. వీధిలో ఎవరి మిక్సీ పాడైనా, గడియారం ఆగినా ఆయన చేతికే వచ్చేది.

ఆయన బల్ల మీద ఒక రేకు కారు ఉండేది. నీలం రంగు, పొడుగాటి ముక్కు. ఎప్పుడో లోకంలోకెల్లా వేగంగా పరుగెత్తి రికార్డు సాధించిన రేసుకారుకు నకలట. ఆయన చిన్నప్పుడు వాళ్ల నాన్న తెచ్చిచ్చాడట. కీ ఇచ్చి వదిలితే గది ఈ చివర నుంచి ఆ చివరకు దూసుకుపోయేది. ఆయన చప్పట్లు కొట్టేవారు.

"మూడు సుట్లే బిడ్డా. నాలుగోది తిప్పద్దు. స్ప్రింగు ముసల్దైంది, నా లెక్కనే" అనేవారు.

ఒక బంద్ రోజు దుకాణాలేవీ తెరవలేదు. ఆయనే ఎల్బీనగర్ దాకా నడిచి వెతికి, మాకు పాలు తెచ్చారు. తీసుకోవడానికి పైకి వెళ్లాను. టీవీలో ఊరేగింపు చూపిస్తున్నారు. "మా రాష్ట్రం మాకొస్తే మంచిగుంటది" అన్నారు మామూలుగా. ముందురోజు కూరగాయల బండి దగ్గర ఎవరో నన్ను "మీ ఊరికి మీరు పోండ్రి" అన్నారు. ఆ మంట ఇంకా చల్లారలేదు. ఆయన చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లగానే కారు చేతిలోకి తీసుకున్నాను. మూడు చుట్లు. నాలుగు. లోపల టక్కుమంది.

కావాలనే విరిచానా? నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. విరవాలని అనుకోలేదని చెప్పగలను గానీ, కీ బిగుసుకున్నప్పుడు ఆగాలని వేళ్లకు తెలిసింది, అయినా నేను ఆపలేదు, పాలు తెచ్చిన మనిషి మీదే నా కసి తీర్చుకున్నాను. కారును యథాస్థానంలో పెట్టాను. ఆయనిచ్చిన చాయ్ తాగాను.

మర్నాడు ఆయనే కారు పట్టుకుని కిందికి వచ్చారు.

"నిన్న రాత్రి నేనే తిప్పిన. ఎక్కువ తిప్పిన్నేమో. చేతులు వణుకుతున్నయి బిడ్డా, ఎంత బిగిసిందో తెలుస్తలేదు."

"పాతది కదండీ" అన్నాను.

నేనన్నది అంతే.

ఆ తర్వాత ఆయన ఏదీ బాగుచేయలేదు. మిక్సీలు తెచ్చినవాళ్లను "నాతోని కాదు" అని తిప్పి పంపేశారు. పానాలు, స్క్రూడ్రైవర్ల పెట్టె ఎవరికో ఇచ్చేశారు. చేతులు ఒడిలో పెట్టుకుని వరండాలో కూర్చునేవారు. రోజూ ఆ పక్క నుంచే నడిచాను. రాష్ట్రం వచ్చిన రోజు మొదటి మిఠాయి మా ఇంటికే తెచ్చి, "మీరు ఎటూ పోవద్దు, గీ ఇల్లు మీదే" అన్నారు. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. మిఠాయి అందుకున్నాను.

మరుసటి వానాకాలంలో ఆయన పోయారు.

చెబితే క్షమించేవారేమో. ఆ మాటతో నన్ను నేను ఊరడించుకోను. ఆయనకు కావలసింది నన్ను క్షమించడం కాదు, తన చేతుల మీద తనకు నమ్మకం. అది నేను తీసుకున్నాను, తిరిగి ఇవ్వలేదు.

నర్సయ్యగారూ, ఆ స్ప్రింగు విరిచింది నేను. మీరు కాదు.

ఇంత చిన్న మాట. ఇవాళ్టికి బయటికి వచ్చింది.