కారవాన్‌లో చల్లబడ్డ బండి

కరోనా భయం పోయి షూటింగులు మళ్లీ ఊపందుకున్న ఏడాది, మండు వేసవి. ఫిల్మ్‌నగర్‌లో రోడ్డు వంపు తిరిగే చోట నా మెకానిక్ షెడ్డు. నేను చెప్పేవాటిలో సగం కోతలేనని మా ఆవిడ అందరికీ చెబుతుంటుంది. ఇది మిగతా సగంలోది.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీశానో లేదో, ఒక సినిమా కంపెనీ మేనేజర్ ప్రసాద్ గారు కారు దిగారు. చొక్కా మొత్తం చెమటకు తడిసిపోయింది.

"యాదగిరీ, పెట్టె పట్టుకుని ఎక్కవయ్యా. జూబ్లీహిల్స్‌లో షాటు ఆగిపోయింది. బండి స్టార్ట్ అవ్వట్లేదు."

"రెండు ముద్దలు తిని వస్త సార్."

"కార్లో తిను. సీటు మీద పప్పు ఒలికినా ఏమీ అనను."

ఆ మాట అన్నారంటే పరిస్థితి చెయ్యి దాటిందన్నమాటే. కొన్నప్పటి ప్లాస్టిక్ కవరు ఆ సీట్లకు ఆయన ఇంకా తీయలేదు.

వెళ్లేసరికి ఎత్తు మీద ఓ వీధిలో, రోడ్డు మధ్య పాత సింగిల్ సిలిండర్ మోటార్‌సైకిల్ నిలబడి ఉంది. పక్కన సత్యం గారు. ఆయన నాకు పాత గిరాకీ. వయసులో ఉండగా భీమవరం వైపు నాటకాలాడి, సినిమాల కోసం వచ్చి, వెంగళరావు నగర్‌లో స్థిరపడ్డారు. పెళ్లి సీన్లో అక్షింతలు వేసే బంధువు, కోర్టు సీన్లో వెనక బెంచీ, ఆసుపత్రిలో స్ట్రెచర్ వెంట పరుగెత్తే మనిషి, అన్నీ ఆయనే. నోరు విప్పే వేషం మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఈ సినిమా డైరెక్టర్‌కు ముందు ఆయన బండి నచ్చింది, ఆ తర్వాత దాని మీద కూర్చున్న మనిషి నచ్చాడు. అలా దొరికింది మొదటి డైలాగు. ఇల్లు వదిలి నడిచిపోతున్న హీరో పక్కన బండి ఆపి, ఇంజన్ ఆపకుండానే, "ఎక్కు బాబూ, ఎంత దూరమైనా దింపుతా" అనాలి. ఎక్కించుకుని పోవాలి. అంతే.

డైరెక్టర్ మంచివాడే కానీ తొందరలో ఉన్నాడు. "రేపు ఈ వీధికి పర్మిషన్ లేదు. వెలుతురు పోయేలోపు బండి కదలకపోతే ఆ సీను ఎత్తేస్తాను. హీరో నడిచే వెళ్తాడు" అన్నాడు. సత్యం గారు ఆ మాట విని, వినలేదన్నట్టు బండి ట్యాంకు తుడుస్తూ నిలబడ్డారు. తుడిచిన చోటే మళ్లీ తుడుస్తున్నారు.

"ఇంకో బండి తెస్తే కాదా సార్?" అని ప్రసాద్ గారిని అడిగాను.

"నిన్నంతా దీని మీదే తీశాం కదయ్యా! సగం సీన్లో రంగు మారితే జనం నవ్వరూ?"

కిక్ కొట్టి చూశాను. ఖాళీ సంచిని తన్నినట్టుంది, అడుగు నుంచి ఎదురు బలమే లేదు.

"పొద్దున స్టార్ట్ అయ్యిందా సార్?"

"ఒక్క కిక్కుకే అయిందండీ. నాలుగైదు రిహార్సల్సు చేశాం. వేడెక్కాక ఆగింది, మళ్లీ లేవలేదు."

"ఇది ఎప్పుడూ టక్ టక్ మనేటిది. పొద్దున ఆ చప్పుడు ఉండెనా?"

సత్యం గారు నేల చూపులు చూశారు. "లేదండీ. ఆ చప్పుడు మైకులోకి వస్తోందని ఇందు గారు అన్నారు. అందుకని నిన్న ఇంటికెళ్లి... నేనే కొంచెం బిగించానండీ."

ఇందు ఆ సినిమాకు సౌండ్ రికార్డిస్టు. ఆ సినిమాకు డబ్బింగ్ లేదు, షాటు తీసేటప్పుడే మాట కూడా రికార్డు. దాన్ని సింక్ సౌండ్ అంటారు. ఆవిడ తన పనిగా ఒక మాట అంది. ఈయన ఆ డైలాగు మీది ప్రేమకొద్దీ బండి నోరు నొక్కేశారు.

ఇంజన్ తలలో రెండు వాల్వులుంటాయి. ఒకటి పెట్రోలు కలిసిన గాలిని లోపలికి రానిస్తుంది, రెండోది పొగను బయటికి పంపుతుంది. వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య వెంట్రుకంత సందు ఉండాలి. అదే వాల్వ్ క్లియరెన్స్. దాన్ని సరిచేయడాన్ని మేం టాపెట్ సెట్టింగ్ అంటాం. వేడికి ఇనుము సాగుతుంది. సాగడానికి చోటు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, ఇంజన్ దమ్మంతా అక్కడే కారిపోతుంది. సందు ఉంటే ఇలాంటి పాత బండి కాస్త టక్ టక్ మంటుంది. అది దాని ఆరోగ్యం.

"ఐదు నిమిషాల పని కదా, కానివ్వు" అన్నారు ప్రసాద్ గారు.

"పని చిన్నదే సార్. కానీ ఇంజన్ సల్లగయినంకనే చెయ్యాలె."

వేడి మీద కొలిస్తే ప్రతి కొలతా అబద్ధమే చెబుతుంది, నాలాగే. ఆ ఎండలో నీడలో పెట్టిన మంచినీళ్లే కాగుతున్నాయి, ఇంజన్ ఎక్కడ చల్లారుతుంది?

"ఐసు పోయిద్దాం! కూల్‌డ్రింకుల డబ్బాలో బోలెడుంది."

"పోస్తే హెడ్డు పగుల్తది సార్. అప్పుడు హీరోతో పాటు మీరు గూడ నడిచే పోవాలె."

అప్పుడు నా కళ్లు చెట్టు పక్కన గుర్రుమంటున్న హీరో కారవాన్ మీద పడ్డాయి. ఏసీ నీళ్లు కింద బొట్లు బొట్లుగా కారుతున్నాయి. ఊరికే అటు చూశాను. ప్రసాద్ గారు నా చూపు వెంట చూసి, "వద్దు. చంపేస్తారు. నా ఉద్యోగం పోతుంది" అన్నారు.

గొడవ విని హీరో తలుపు తీశాడు. విషయం చెప్పాను.

"తోసెయ్యండన్నా లోపలికి. నేను చెట్టు కింద కూర్చుంటా."

"సార్, మీ మేకప్!" అన్నారు ప్రసాద్ గారు.

"మేకప్ కరిగితే మళ్లీ వేస్తారు. ఆయన డైలాగు పోతే ఎవరిస్తారు?"

కెమెరా ట్రాలీ కింద పరిచే చెక్కలు తెచ్చి మెట్లకు ఆనించాం. అద్దాలు విప్పి, హ్యాండిల్ వంచి, యూనిట్ మొత్తం ఐలేసా అంటూ తోసింది. అంత చిన్న తలుపులోంచి ఎలా దూరిందని అడగకండి, దూరింది. "ఎంతలో పెట్టమంటావన్నా ఏసీ?" అని హీరో కిందనుంచి అరిచాడు.

"పూర్తిగా తగ్గించున్రి సార్! లోపలున్నది పెద్ద ఆర్టిస్టు!"

టచప్ అబ్బాయి అలవాటు కొద్దీ టిష్యూతో హెడ్‌లైటుకు అద్దాడు.

పొద్దు వాలుతుండగా సిలిండర్ మీద అరచెయ్యి ఆనించాను. కుండలా చల్లగా తగిలింది. ప్లగ్గు తీసి, పిస్టన్ పైకొచ్చి రెండు వాల్వులూ మూసుకున్న చోట ఇంజన్‌ను నిలిపాను. ఫీలర్ గేజ్ అంటే పేకముక్కల్లా విప్పుకునే సన్నటి ఉక్కు రేకులు. సరైన రేకును సందులో పెట్టి లాగితే కొత్త నోటు వేళ్ల మధ్య జరిగినట్టు కాస్త పట్టుగా రావాలి. ఎగ్జాస్ట్ వైపు రేకు అసలు దూరలేదు. నట్టు వదులు చేసి, స్క్రూ వెనక్కి తిప్పి, రేకు పట్టు చూసుకుంటూ నట్టు బిగించాను. బిగించేటప్పుడు స్క్రూ కూడా తిరుగుతుంది, అందుకని మళ్లీ చూశాను. రెండో వాల్వూ సరిచేశాను. కిందికి దించి కిక్ కొట్టగానే లేచింది. టక్ టక్ టక్.

అందరూ చప్పట్లు కొట్టారు. ఇందు మాత్రం హెడ్‌ఫోన్లు సర్దుకుని, "ఈ చప్పుడు తగ్గదా అన్నా?" అంది.

"తగ్గిస్తే మళ్ల బండి ఆగుతదమ్మా."

ఆవిడ అటు తిరిగింది. "సత్యం గారూ, పొద్దున అంత మెల్లగా ఎందుకు చెప్పారు? కొంచెం గొంతు పెంచగలరా?"

"సినిమా అంటే మెల్లగా చెప్పాలేమో అనుకున్నానమ్మా. పెంచడమే అయితే, మైకు పాడైన పందిట్లో కూడా చివరి వరసకి వినిపించినవాణ్ణి."

షాటు మొదలైంది. బండి వచ్చి ఆగింది, టక్ టక్ మంటూనే ఉంది. సత్యం గారు హీరో ముఖంలోకి చూశారు. "ఎక్కు బాబూ. ఎంత దూరమైనా దింపుతా." ఆ గొంతు ఇంజన్‌ను తోసుకుని వచ్చి వీధి చివర వాచ్‌మన్‌కు కూడా వినిపించింది, అతను లేచి నిలబడ్డాడు. ఒకే టేక్. కట్ చెప్పడం మరిచిపోయిన డైరెక్టర్ ఇద్దరినీ ఆ రోడ్డు చివరిదాకా పోనిచ్చాడు.

ఆ సినిమాను సత్యం గారు, వాళ్లావిడ, నేను పక్కపక్కన కూర్చుని చూశాం. ఆయన కనిపించకముందే చీకట్లో టక్ టక్ వినిపించింది. "మన టాపెట్లండీ!" అని నా చెయ్యి పట్టేసుకున్నారు. వాళ్లావిడ, "ష్, మీ మాట విననివ్వండి" అంది.

అప్పటినుంచి ఎవరైనా వచ్చి బండి చప్పుడు పూర్తిగా ఆపమంటే, ముందు టీ తెప్పించి ఈ కథ చెబుతున్నాను. కాస్త సందు ఇచ్చి మాట్లాడనిస్తే, బండి గానీ మనిషి గానీ ఎంత దూరమైనా వస్తారని నేను నేర్చుకున్నది ఆ వీధిలోనే. గిరాకీలు సందు సంగతి నమ్ముతారు, కారవాన్ సంగతే నమ్మరు.

ఇప్పుడు సత్యం గారికి డైలాగులున్న వేషాలే వస్తున్నాయి. మొన్న షెడ్డుకొచ్చి బండి దిగకుండానే చెప్పారు: "యాదగిరి గారూ, రేపటి షూటింగులో నాకు కారవాన్ ఇస్తారటండీ!"

"బండికి జాగ ఉంటదా సార్?"

"ముందు అదే అడిగానండీ."