మూత వేయని పెట్టె

"దూది తీసెయ్యండమ్మగారూ. లేచాక ఊపిరెలా పీలుస్తాది?"

"లేవడమేంటే? ఇదిగో, పోయిందని డాక్టరు రాసిచ్చిన చీటీ."

"చీటీ మీరే చదువుకోండి. చచ్చిపోయిన నాలుగో రోజున లాజరు సమాధిలోంచి లేచాడని శుక్రవారం శుక్రవారం చెప్పింది మీరు కాదేంటండీ? అప్పుడెవరన్నా చీటీ అడిగారా?"

నన్నిలా నిలదీసిన మనిషి రూతమ్మ. ఎనిమిదేళ్ళ కిందట, పెదపాడు అవతల కొల్లేటి లంకల్లో నేను బైబిలు స్త్రీగా పనిచేస్తున్నప్పటి మాట. పాస్టరు గారి కింద ఉద్యోగం. ఆడవాళ్ళకు వాక్యం చెప్పాలి, రోగుల దగ్గర ప్రార్థన చేయాలి. ఆడమనిషి పోతే స్నానం చేయించి, ముక్కులో దూది పెట్టి, పెట్టెకు మూత వేసేదాకా కదలకూడదు. నేను చదివింది నాలుగో తరగతి.

రూతమ్మ కూతురు ఎస్తేరు, పందొమ్మిదేళ్ళది, జ్వరంతో ఆ ఉదయమే ఏలూరు ఆసుపత్రిలో పోయింది. రోడ్డు మునగడంతో పడవలో తెచ్చారు. సాయంత్రమే సమాధి కదా, ఐసు పెట్టె అద్దె దండగని వద్దన్నది నేనే.

రూతమ్మ తనే దూది లాగేసింది. పిల్ల పైపెదవి మీద ఒక పోగు మిగిలింది. అది కదిలింది.

కరెంటు లేదు, తలుపులు మూసి ఉన్నాయి. నాడి చూశాను, లేదు. చెయ్యి కట్టెలా ఉంది. పోగు మళ్ళీ కదిలింది. ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి. మేకులు కొట్టడానికి వచ్చిన సంఘ పెద్ద కూడా చూసి, సుత్తి కింద పెట్టేశాడు.

"ఇప్పుడేమంటారండీ?" అంది రూతమ్మ మెల్లగా.

చీటీ మడిచి సంచిలో పెట్టుకున్నాను. పొద్దుటిదాకా ఉంచమన్నాను.

మాలో శవం దగ్గర తెల్లవార్లూ పాటలు పాడతారు. ఆ ఇంట్లో మాత్రం ఎవరూ గొంతెత్తలేదు. పిల్ల ఊపిరి వినబడుతుందేమోనని అందరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

నేను నేర్చుకున్నది ఇంతే. చీటీ నిజం, పోగు కదలడమూ నిజం. ఎందుకు కదిలిందో నాకు తెలియదు. చూసింది చూసినట్టు చెప్పాలి. దాని అర్థం కూడా మనమే చెప్పేసి ఒక తల్లిని రాత్రంతా ఆశతో కూర్చోబెట్టకూడదు. నమ్మమని చెప్పడమే ఉద్యోగమైన నాకు ఇది ఇంకా ముందే తెలిసి ఉండాల్సింది.

తెల్లవారేసరికి వాసన వచ్చింది. రూతమ్మే లేచి, గోడకు ఆనించిన మూత తెచ్చి పెట్టె మీద పెట్టింది.