ఇరుసు లేని బండి

నందిగామలో మా బాబాయికి వడ్రంగి షాపు ఉంది. ఆ గురువారం పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పడం అయ్యాక అక్కడికి వెళ్లి, చెక్కతో మూడు మందపాటి దిమ్మెలు కోయించుకున్నాను. ఒక్కోటీ అంచులు బయటికి ఉబ్బిన త్రికోణం. ఎటు తిప్పి కొలిచినా వెడల్పు ఒకటే.

నా మొదటి కథకు ఆ ఆకారమే ఆధారం. గుండ్రం కాని చక్రాలతో బండి చేసి, నీళ్ల బిందె తొణక్కుండా తెస్తేనే పిల్లనిస్తానని మామ పందెం కాస్తాడు. అల్లుడు గెలుస్తాడు. ఆదివారం అనుబంధంలో వేస్తున్నామని ఎడిటర్ చెప్పగానే, మెకానికల్ సెక్షన్ మొత్తానికీ చెప్పేశాను.

దిమ్మెల మీద పలక, పలక మీద టీ గ్లాసు పెట్టి తోశాను. తొణకలేదు.

"బానే ఉంది. ఇరుసు ఎక్కడ పెడతావురా?" అన్నాడు బాబాయి.

"మధ్యలో."

ఆయన ఒక దిమ్మె మధ్యలో బెజ్జం వేసి, పెన్సిల్ దూర్చి బల్ల మీద దొర్లించాడు. పెన్సిల్ లేస్తూ పడుతూ వెళ్లింది.

"బిందె సంగతి తర్వాత, ముందు నీ కథలో అల్లుడు కింద పడతాడు. నువ్వు పాఠాలు చెప్పేది ఇదేనా?"

జగ్గయ్యపేట బస్సెక్కి ఫోన్లో కథ తెరిచాను. 'ఇరుసు' ఏడు చోట్ల ఉంది. ఎడిటర్‌కి ఫోన్ చేశాను.

"ఎనిమిదింటికి పేజీ ప్రెస్సుకి వెళ్లిపోతుందండీ. ఈలోగా పంపితే మారుస్తా."

అప్పటికి ఆరూ నలభై. కథలో బండి తీసేసి దిమ్మెల మీద పలక పెట్టాను. వెనక మిగిలిన దిమ్మెను ప్రతిసారీ ముందుకు తెచ్చి పెట్టాలి. అల్లుడికి రెండు చేతులు చాల్లేదు. చివరికి మామే వంగి దిమ్మెలు అందించాల్సి వచ్చింది. చిల్లకల్లు దగ్గర సిగ్నల్ పోయింది. బస్టాండులో దిగి, ఎనిమిదికి పది నిమిషాలుందనగా పంపాను.

ఆదివారం చర్చి నుంచి వస్తూ పేపరు కొన్నాను. ఆ ఏడు చోట్లలో ఎక్కడా ఇరుసు లేదు. కథ పైన మాత్రం రంగుల బొమ్మ: మూడు మూలల చక్రాలు, మధ్యలో నున్నటి ఇరుసు. బొమ్మ అంతకు ముందే వేయించేశారు.

సోమవారం వెనక బెంచీ నుంచి ఒకడు లేచాడు.

"సార్, కథ ఒకటి, బొమ్మ ఒకటి. బొమ్మేసినాయన మెకానికల్ చదవలేదా సార్?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వేస్తే సరిపోయేది. కానీ సంచిలోంచి పెన్సిల్ గుచ్చిన దిమ్మె తీసి బల్ల మీద పెట్టాను.

"ఆయన నేను ముందు రాసిందే గీశారు. రండి, దొర్లించి చూడండి," అన్నాను.