గుడి మెట్లకు సరిపడా కండ

జిమ్ములో చేరిన రోజు కోచ్ నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "బరువు తగ్గడానికా అక్కా, పెరగడానికా?" అని. "మా అమ్మను ఎత్తడానికి" అన్నాను. ఆ అమ్మాయి చేతిలో కొలిచే టేపు పట్టుకుని అలాగే నా ముఖంలోకి చూసింది. ఎగతాళి చేస్తున్నాననుకుంది పాపం. నా నోటి తీరే అంత, నిజం చెప్పినా కయ్యానికి దిగినట్టే ఉంటుంది.

సంగతేమిటంటే, శంషాబాద్ దగ్గర సాతంరాయిలో మా ఇంటి వెనక బట్టలుతికే బండ దగ్గర అమ్మ జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. దవాఖానలో ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. వాకర్ పట్టుకుని ఇంట్లో తిరుగుతుంది, తన పనులు తను చేసుకుంటుంది, పొయ్యి పక్కన స్టూలు మీద కూర్చుని నలభై ఏళ్ళు దాటిన నాకు ఇంకా పప్పు చెయ్యడం నేర్పుతుంది. మెట్లు మాత్రం ఎక్కలేదు. మేం గుడి అని పిలిచే మా చర్చి ఏమో గుండు మీద, అంటే రాతి గుట్ట మీద ఉంది. పెద్దలు ఏమాలోచించి కట్టారో కానీ రాతిని చెక్కిన ఎత్తు మెట్లు, పక్కన పట్టుకోవడానికి ఏమీ లేదు. వీల్‌చైర్ ఆ దరిదాపులకు కూడా పోదు.

నెల మొదటి ఆదివారం మా చర్చిలో ప్రభువు బల్ల ఉంటుంది. చిన్న రొట్టె ముక్క, గుక్కెడు ద్రాక్షరసం. పెళ్ళై కందుకూరు నుంచి ఈ ఊరొచ్చినప్పటి నుంచి అమ్మ ఒక్క బల్ల కూడా తప్పలేదు. పచ్చి బాలింతగా నన్ను చీర కొంగులో చుట్టుకుని కూడా వెళ్ళిందట. మంచం పట్టినవాళ్ళకైతే అయ్యగారు, అంటే మా పాస్టరు, ఆ రొట్టె ఇంటికే తెచ్చి ఇస్తారు. అమ్మ కోసమూ తెచ్చారు. అమ్మ చేతులు జోడించి, "అయ్యగారూ, అది మంచంల పండుకున్నోళ్లకు. నేను కూసున్న గద. నేనే వస్త, ఉండుండ్రి" అని, చాయ్ తాగించి పంపేసింది.

ఎలా వస్తుందో ఆమెకూ తెలియదు, మాకూ తెలియదు. చర్చిలో కుర్రాళ్ళు కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్తామన్నారు. "మొగోళ్ల చేతుల మీద గుళ్లెకు పోయేది శవం పెట్టె ఒక్కటే. ఆ రోజు నేను వద్దన్నా తీస్కపోతరు, అప్పటిదాంక ఆగుండ్రి" అంది. మేమిద్దరం అమ్మ దగ్గరే ఉంటాం. మా ఆయన ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడుపుతాడు, మనిషి దిట్టంగా ఉంటాడు. గడప బయట నిలబడి, "అత్తమ్మా, నేను ఎత్తుకుంట" అన్నాడు. అల్లుడు ఇంట్లోకి అడుగు పెడితే నెత్తి మీద కొంగు లాక్కునే మనిషి ఆమె. ఇన్నేళ్ళలో అతని ఎదుట ఒక్క ముద్ద తినలేదు. ఆ మాట విని గోడ వైపు తిరిగిపోయి, "ఆ పిలగానికి జర చెప్పు బిడ్డా" అంది నాతో. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మా ఇంట్లో ఆ రాజు కూడా ఆమే.

మిగిలింది నేను. నా ఉద్యోగం ఎయిర్‌పోర్టులో వీల్‌చైర్లు తొయ్యడం. ఎవరెవరి అమ్మలనో కూర్చోబెట్టి, శాలువా సర్ది, చేతిసంచి ఒళ్ళో పెట్టి విమానం తలుపు దాకా చేరుస్తాను. వాళ్ళు నా చెయ్యి పట్టుకుని చల్లగా ఉండమని దీవిస్తారు. లోకంలోని అమ్మలందరినీ ఆకాశానికి ఎక్కించేదాన్ని, మా అమ్మను ఆ గుండు మీదికి ఎక్కించలేకపోతున్నానని నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు ఆ మంటలోనే, ముందూ వెనకా చూడకుండా, ఆమెను అమాంతం ఎత్తబోయాను. నడుము పట్టేసింది. ఇద్దరం మెల్లగా జారి నేల మీద కూలబడ్డాం. దేవుడి దయవల్ల ఆమెకేం కాలేదు. మొదట ఇద్దరం నవ్వాం. తర్వాత అమ్మ నా నడుముకు జండూబామ్ రాస్తూ, "నీ నడుము పోతె నీ నౌకరి పోతది. నాకు బల్ల వద్దు, గిల్ల వద్దు" అంది. ఆ గొంతు విని మర్నాడే జిమ్ముకు పోయాను.

జిమ్ము శంషాబాద్‌లో, హైవే పక్కన టైర్ల దుకాణం మీద. మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకు. కోచ్ గోదావరి వైపు పిల్ల, అత్తాపూర్ నుంచి స్కూటీ మీద వస్తుంది. నాచురల్ బాడీబిల్డింగ్ పోటీల్లో నిలబడుతుందట. నాచురల్ అంటే ఏందని అడిగాను. "సూదులూ మాత్రలూ లేకుండా అక్కా. తిండి, నిద్ర, ఓపిక, అంతే. కాకపోతే ఆలస్యం అవుతుంది" అంది.

"మా అమ్మకు డెబ్బై దాటినయి. జర తొందరగ అయ్యేది చెప్పు."

"తొందరపడితే ఇద్దరూ పడతారక్కా. ఒకసారి పడ్డారుగా?"

పిల్ల మెత్తనిదే కానీ మాట సూటిది. నాకు నచ్చింది.

మొదటి వారాలు ప్లేట్లు లేని ఉత్త ఇనుప బార్ చేతికిచ్చింది. కాళ్ళకు ఆనించి, వీపు వంగకుండా, నడుముతో లాగకుండా, కాళ్ళతో నేలను తొక్కుతూ లేవాలి. చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. ఇంటికొచ్చాక తెలుస్తుంది. చాపమీద కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. మా ఆయన తలుపు చాటు నుంచి, "ఇగ నీతోని కొట్లాట బంద్. దెబ్బ పడితె దవాఖానే" అనేవాడు. నేను ఒక చూపు చూస్తే చాయ్ పెట్టడానికి పోయేవాడు.

ప్రతి వారం కొద్దిగా పెంచడమే ఆ పద్ధతి. పోయిన వారం ఎత్తినదానికి ఈ వారం కాస్త చేర్చాలి, చేర్చిన బరువుకు తగ్గట్టు తినాలి. కొన్నాళ్ళకు కోచ్ బార్ పక్కన పెట్టి గోతాంలో ఇసుక నింపింది. "బార్ పట్టుకోవడానికి వీలుగా ఉంటుంది, మనిషి అలా ఉండరు కదక్కా" అంటూ, ఆపరేషన్ ముందు దవాఖానలో అమ్మను తూచినప్పుడు ఎంత ఉందో నన్నడిగి, చివరికి అంత బరువుకు చేర్చాలని గురి పెట్టింది. ఆ మూటను కావలించుకుని లేవడం, చెక్క మెట్టు ఎక్కడం, దిగడం. మూట ఒక పక్కకు ఒరిగితే, "అమ్మా, కదలకు" అని నా నోట్లోంచి వచ్చేసేది. పక్కన ఉన్న ఆడవాళ్ళు నవ్వేవారు. నాకూ నవ్వొచ్చేది.

ఒకమాట ఒప్పుకోవాలి. అమ్మ కోసమని మొదలుపెట్టానే కానీ నా ఒంటి మీద నాకు ప్రేమ పుట్టింది. అంతకు ముందు నాకు ఒళ్ళంటే నొప్పి, అలసట, అంతే. ఒకరోజు డ్యూటీలో వీల్‌చైర్ లోంచి లేస్తూ ఒక ముసలమ్మ నా మోచేతి పైన పట్టుకుని, "గట్టిగున్నవు బిడ్డా" అంది. యూనిఫాం చొక్కా చేతుల దగ్గర బిగుతవుతోందని అప్పటికే తెలుసు. కానీ ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు.

ఇంటికి రాగానే బడి నుంచి వచ్చిన పిల్లలా అమ్మకు అన్నీ చెప్పేదాన్ని. ఏం ఎత్తానో, కోచ్ ఏమందో, ఎన్ని గుడ్లు తినమందో. అమ్మ చెవి ఒగ్గి వినేది. "ఈ వారం జర పెంచినవా?" అని తనే అడిగేది. తన కంచంలోని గుడ్డు తీసి నా కంచంలో వేసేది. వద్దంటే పండ్లు నొస్తున్నయనేది. ఇంకోరోజు ఆకలైతలేదనేది. ఈలోగా ఈస్టర్ ముందు వచ్చే శ్రమకాలం మొదలైంది. ఆ నలభై దినాలూ అమ్మ ఏటా ఉపవాసం ఉంటుంది, సాయంత్రం దాకా పచ్చి మంచినీళ్ళు, పొద్దుగూకాక ఇంత జావ. ఆపరేషన్ అయిన మనిషివి, ఈ ఏడు వద్దన్నాను. "అది నాకూ ప్రభువుకూ నడుమ. నువ్వు రాకు" అంది. దేవుణ్ణి తెచ్చి అడ్డం పెడితే నేనేం మాట్లాడను?

ఈస్టర్ ఆదివారం కూడా మా దగ్గర బల్ల ఉంటుంది. ఆ రోజే అమ్మను తీసుకెళ్ళాలని నేనూ కోచ్ కలిసి అనుకున్నాం. అప్పటికి ఇసుక మూటలో అమ్మ బరువు మొత్తం చేరింది, దాన్ని ఎత్తుకుని మెట్టు ఎక్కి దిగగలుగుతున్నాను. ముందురోజు శనివారం పొద్దున ఇంట్లో ఒకసారి ఎత్తి చూద్దామనుకున్నాను. మా ఆయన్ని బయటికి పంపించి తలుపు దగ్గరికి వేశాను. అమ్మ మంచం అంచున కూర్చుని నా మెడ చుట్టూ చేతులు వేసింది. ఒక చెయ్యి వీపు వెనక, ఒక చెయ్యి మోకాళ్ళ కింద పెట్టి, ఊపిరి బిగించి, కాళ్ళతో నేలను తొక్కి లేచాను.

నిండు బిందె అనుకుని ఖాళీ బిందె ఎత్తితే చెయ్యి ఎలా పైకి ఎగిరిపోతుందో, అలా లేచిపోయింది అమ్మ. తూలిపడబోయి నిలదొక్కుకున్నాను. ఒక్క క్షణం, ఒక్క క్షణమే, నా అంతటిదాన్ని నేనే అనుకున్నాను. ఆ తర్వాత నా అరచేతికి ఆమె పక్కటెముకలు తగిలాయి. రవిక చేతులు వదులై పిన్నీసుతో పట్టించి ఉన్నాయి. ఆమె ఎప్పుడూ ఆ పైన కొంగు కప్పుకునే ఉండేది.

"అమ్మా, ఏందిది?"

అమ్మ ముఖం వెలిగిపోతోంది. "చూసినవా ఎంత అల్కగ లేచిన్నో. నువ్వు దినాం అక్కడ బరువు పెంచుకుంట పోతున్నవు. నేను ఇక్కడ బరువు తగ్గించుకుంట వస్తున్న. ఇద్దరం చెరి కొంచెం చేస్తె పని తొందరగ అయితది గద."

"ఉపాసమంటివి."

"ఉపాసం ఇప్పుడొచ్చె. నువ్వు జిమ్ముల చేరినప్పటి సంది తగ్గిస్తున్న. నీ నడుముకు ఏమన్న అయితె నిన్నెవరు చూస్తరే?"

ఆమెను మంచం మీద దించి నోటికొచ్చినట్టు తిట్టాను. ముసలిదానివా, చిన్నపిల్లవా అన్నాను. బల్ల అందుకోవాలని ఆశపడి, ఆ బల్ల దాకా బతకకుండా పోదామనుకున్నావా అన్నాను. నేను తిన్న ప్రతి గుడ్డూ గుర్తొచ్చింది. ఆమె చేసిన పని మంచిదో కాదో తెలియని దానిలా నా చెయ్యి పట్టుకుని నిమురుతూ కూర్చుంది. తిట్టి తిట్టి నేనే ఆమె ఒళ్ళో పడి ఏడ్చాను. నలభై ఏళ్ళు మా అమ్మ కంచంలో ఏం మిగిలిందో నేను ఎన్నడూ పట్టించుకోలేదు. ఆ రోజు నుంచి అది తప్ప నాకు ఇంకొకటి పట్టలేదు.

మర్నాడు పొద్దున ఉడికిన గుడ్డు, మెత్తటి అన్నం కలిపి ముందు పెట్టాను. బల్లకు పరగడుపున పోవాలంది. "తింటెనే ఎత్తుత. లేకుంటె నేను ఒక్కదాన్నే పోయి నీ ముక్క కూడ తిని వస్త" అన్నాను. తిన్నది. గుండు కింద చెప్పులు విప్పి ఆమెను ఎత్తుకుని మెట్లెక్కాను. ఆయాసమే రాలేదు, అదే నా బాధ. లోపల ఆడవాళ్ళు జంఖానా మీద సర్దుకుని గోడ పక్కన ఆమెకు చోటిచ్చారు. అయ్యగారు వచ్చి రొట్టె చేతిలో పెట్టారు. అమ్మ దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు చూసి నోట్లో వేసుకుంది. కళ్ళు మూసుకుని మెల్లగా నమిలింది. నేను ప్రార్థన చెయ్యలేదు, ఆమె నమలడమే చూస్తూ కూర్చున్నాను.

కోచ్‌కు సంగతి చెబితే ముక్కు ఎగబీల్చి, "ఇక మూట పక్కన పెట్టండక్కా. వారం వారం అమ్మగారినే పెరగనివ్వండి. ఆవిడ ఎంత పెరిగితే మీరు అంత ఎత్తాలి" అంది. ఇంటికొచ్చి అమ్మకు అదే చెప్పాను, నువ్వు తింటేనే నా కండ నిలబడుతుందని. తన కోసం తినమంటే తినేది కాదు. నా పని కోసమంటే ఉద్యోగానికి పోయినట్టు టైముకు తినేది. పొద్దున గుడ్డు, మధ్యాహ్నం పప్పు అన్నం, ఆదివారం చర్చి నుంచి రాగానే కోడికూర. కూర్చుని లేచే కసరత్తులు దవాఖానలో చెప్పినవి చెప్పినట్టు చేసేది. పిన్నీసులు ఒక్కొక్కటీ ఊడాయి. నెల నెలా మొదటి ఆదివారం నేను ఎత్తుకుంటూ పోయాను, నెల నెలా ఆయాసం కాస్త పెరిగింది.

వానలు పడుతున్న రోజుల్లో ఒక ఆదివారం. మెట్లు తడిగా ఉన్నాయి. వారమంతా డ్యూటీ ఎక్కువై జిమ్ముకు పోలేకపోయాను. సగం మెట్లు ఎక్కేసరికి తొడలు వణకడం మొదలైంది, ఊపిరి అందలేదు. ఇక నా వల్ల కాదని, ఆమెను జాగ్రత్తగా మెట్టు మీద కూర్చోబెట్టి పక్కన చతికిలబడ్డాను. చేతుల్లో బలం లేదు. ఆ క్షణాన నాకు కలిగిన సంతోషం ఏ జిమ్ములో ఏ బరువెత్తినా కలగలేదు. అమ్మ నిండుగా ఉంది. నేను ఎత్తలేనంత ఉంది.

అది ఆమెకెలా తెలుస్తుంది? నా చెమట కొంగుతో తుడిచి, తప్పు చేసినట్టు తల వంచుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"మల్ల జర తగ్గాల్నా, బిడ్డా?"

"వద్దమ్మా" అన్నాను. "నేనే ఇంక జర పెరుగుత."

లోపల పాట మొదలైంది. ఆయాసం తీరేదాకా ఆగి మళ్ళీ ఎత్తుకున్నాను.