గుమ్మిలో పరిశుద్ధత

ఆ రోజుల్లో పరిశుద్ధత అంటే మశూచి టీకాలాంటిదని, ఒకసారి పడితే ఇక పాపం దగ్గరికి రాదని అనుకునేదాన్ని. నిజాం రాజ్యం చివరి రోజులు. సూర్యాపేట మిషను బడిలో కొత్తగా చేరిన పంతులమ్మను, మేనత్త ఇంట్లో ఉండేదాన్ని. కోదాడ ప్రార్థన కూటాల్లో కోస్తా నుంచి వచ్చిన బోధకుడొకాయన "గుండెలో కోపపు నలుసు ఉన్నంతకాలం మీరు పరిశుద్ధులు కారండీ" అన్నాడు. ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు. తిరిగొచ్చి పూలు మానేశాను, పచ్చడి మానేశాను, నవ్వడం మానేశాను, చివరికి అన్నమూ మానేశాను. ఉపవాసమున్నకొద్దీ ఆకలి, ఆకలైనకొద్దీ కోపం. పలక మీద బలపం కీచుమన్నా ఒళ్లు మండేది.

అంతలో ఊళ్లలో కల్లోలానికి భయపడి ఆత్మకూరు చుట్టాలంతా పిల్లాపాపలతో అత్త ఇంటికి చేరారు. ప్రార్థనకు మూల దొరకలేదు. కళ్లు మూసుకుంటే ఎవరో ఒక పసివాడు నా రెప్పలు విప్పి చూసేవాడు (వాడి మీదా కోపమే). దేవుడు నన్ను విడిచిపెట్టేశాడని నమ్మకం కుదిరింది. లోపల ఇంత కుళ్లు పెట్టుకుని పిల్లలకు వాక్యం ఏ ముఖంతో చెప్పను? సోమవారం ఉద్యోగం వదిలేద్దామని నిశ్చయించుకున్నాను. ఆఖరుసారి ఏడ్చి అడుగుదామని, ఆదివారం మధ్యాహ్నం బోర్లించిన గంప ఎక్కి, వసారాలోని ఖాళీ వడ్ల గుమ్మిలోకి దిగాను. చాలాసేపు ఏడ్చాను. జవాబు రాలేదు, శాంతి రాలేదు, తుమ్ములు వచ్చాయి. బయటికి వద్దామంటే అంచు అందలేదు.

తుమ్ములు విని అత్త వచ్చింది. "గుమ్మిలెవరు?"

"నేనే అత్తా."

"గాడేం చేస్తున్నవ్?"

"ప్రార్థన."

అత్త గంప ఎక్కి లోపలికి తొంగిచూసింది. "దిగుడైతే దిగినవ్. ఎట్ల ఎక్కుతవ్ బిడ్డా?"

ఇద్దరు చుట్టాలు చేతులందించి లాగారు. వరుసగా నిలబడి చూస్తున్న పిల్లల్లో ఒకడు కిసుక్కుమన్నాడు. నేను వాడి మీద అరిచి, అరిచానని బావురుమన్నాను.

అత్త నన్ను బావి దగ్గర కూర్చోబెట్టి జుట్టులో ఊక దులిపింది. "నావల్ల గాదత్తా," అన్నాను. "నేనెప్పటికీ పరిశుద్ధురాలిని గాలేను. రేపటికెల్లి బడి మానేస్త."

"నీవల్ల అయితదని ఎవరన్నరు? నీతోనే అయితే గాయన సిలువ దాక ఎందుకు పోయిండు? ఇన్నేండ్లొచ్చినయ్, నాకింకా మీ మామ మీద కోపమొస్తది. వచ్చినప్పుడల్లా పోయి చెప్పుకుంట. మామకు గాదు, దేవునికి. లోపల కడుగుడు ఆయన పని. నువ్వు దూరం పోకుండ కూసో. ముందుగాల బువ్వ తిను."

తిన్నాను, పచ్చడితోనే. మనసు తేలికపడిందని చెబితే అబద్ధం. ఆ నిరాశతోనే మర్నాడు బడికి వెళ్లాను.

ఇప్పుడు మిర్యాలగూడలో కొడుకు దగ్గరుంటున్నాను. పొద్దున ప్రార్థనకు కూర్చోగానే పక్కింట్లో రేడియో మొదలవుతుంది, ఒళ్లు మండుతుంది. ముందు ఆ సంగతే ఆయనకు చెప్పుకుంటాను. కొన్నిసార్లు ఆ చెప్పుకోవడంతోనే ప్రార్థన అయిపోతుంది. నెల తిరక్కుండా పరిశుద్ధురాలినైపోవాలని ఆకలితో మాడిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వూ జాలీ కలిసే వస్తాయి. ఎదురుగా కూర్చోబెట్టుకుని తలకింత నూనె రాద్దామనిపిస్తుంది.